అందరూ ఉన్న ఫొటో

పత్రికలో పనిచేసినవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎక్కడ నలుగురు కూడినా, ఫొటో ఏ మూల నుంచి తీస్తే బాగుంటుందా అని ముందు చూసుకుంటాడు. ఆ నలుగురూ ఎందుకు కూడారన్నది తర్వాతి సంగతి. నాకు ఆ జబ్బు ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే పట్టుకుంది. రిటైరయ్యాక కూడా వదల్లేదు.

సంఘాల పనిలోకి కొత్తగా వస్తున్న మీలాంటి పిల్లలు మా ఆఫీసు గోడ మీదున్న పెద్ద ఫొటో చూసి, "అబ్బ, ఎంతమంది వచ్చారు సార్" అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను కళ్లజోడు తీసి తుడుచుకునే పని పెట్టుకుంటాను. ఈసారి తుడుచుకోకుండా చెబుతాను.

బెంగళూరులో ఒక తెలుగు దినపత్రిక డెస్కు మీద నా ఉద్యోగమంతా గడిచింది. బయటికొచ్చాక ఇక్కడి కార్మిక సంఘాల సమాఖ్యవాళ్లు పిలిచారు. నెలకోసారి నాలుగు పేజీల పత్రిక తెచ్చేవారు, కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి. కోలారు నుంచి, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు తెలుగుది. అది నాకు అప్పగించారు.

సమాఖ్య అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. కె.ఆర్.పురం స్టేషను దగ్గర ఒక మేడ మీది గది. నెల మొదటి ఆదివారం పొద్దున అక్కడ చేరేవాళ్లం. బట్టల ఫ్యాక్టరీలవాళ్లు, ఆసుపత్రి నర్సులు, వీధులు ఊడ్చేవాళ్లు, చిన్న చిన్న కంపెనీల్లో అప్పుడే సంఘం పెట్టుకుని భయం భయంగా ఉన్నవాళ్లు. ఎవరి గోడు వాళ్లు చెప్పుకుంటుండగా రైలొచ్చేది. రైలు పోయేంతసేపూ మాట్లాడేవాడు ఆగాల్సిందే. చాలా కోపాలు ఆ కాస్త విరామంలోనే చల్లారేవి. చెప్పాల్సిన కొన్ని మాటలు కూడా అందులోనే కలిసిపోయేవి.

మమ్మల్ని నడిపించే పెద్దాయన ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసి రిటైరైనవాడు. తాతల కాలంలోనే ఇక్కడికొచ్చిన కుటుంబం. సమ్మె జరిగే చోటల్లా ఆయన ఉపన్యాసం ఒక్క మాటతోనే ముగిసేది. "మీ వెనక మేముండాం." అది ఎంత అలవాటైపోయిందంటే, ఆయన "మీ" అనగానే వెనక వరసవాళ్లు మిగతాది పూర్తి చేసేవారు.

ఆయన పెట్టిందే 'నెలకో గేటు'. నెలనెలా మీటింగు అవగానే సమ్మెలోనో లాకౌట్లోనో ఉన్న ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గరికి అన్ని సంఘాలవాళ్లూ కలిసి వెళ్లాలి. మీరు ఒంటరివాళ్లు కారు అని అక్కడివాళ్లకు తెలియాలి. మంచి ఆలోచన. ఇప్పటికీ అదే అంటాను. కానీ దానితో పాటే ఒక ఆచారం కూడా స్థిరపడింది. వెళ్లినవాళ్లకు గేటు దగ్గరివాళ్లు భోజనం పెట్టడం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పెడితే వద్దనడం అమర్యాద అనుకునేవాళ్లం. మేం బ్యానరు, మైకు సెట్టు, మాటలు పట్టుకెళ్లేవాళ్లం. వాళ్లు పొయ్యి వెలిగించేవాళ్లు.

కొన్నేళ్ల కిందట ఆ వరసలో బొమ్మసంద్ర వచ్చింది. మోటారు బళ్లకు, ఇంటి సామాన్లకు ప్లాస్టిక్ భాగాలు చేసే ఒక ఫ్యాక్టరీ. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. సంఘం పెట్టుకున్నందుకు కొందరిని తీసేశారు. మిగతావాళ్లు వాళ్ల కోసం నిలబడితే గేటుకు తాళం వేశారు. ముందు గేటుకు ఎదురుగా రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నారు. తీసేసినవాళ్లతో సహా అందరం పనిలోకి వెళ్లాలన్నది ఒక్కటే వాళ్ల కోరిక.

ప్యాకింగ్ సెక్షన్లో పనిచేసే ఒకామె వాళ్లకు నాయకురాలు. ముళబాగిలు దగ్గరి మనిషి. గొంతు పెంచకుండా మాట్లాడేది. మేం మొదటిసారి వెళ్లినప్పుడు పెద్దాయన తన అలవాటు ప్రకారం ముగించి కూర్చోగానే పక్కకొచ్చి అంది. "అన్నా, అందరూ వెనకే ఉంటామంటారు. స్వల్ప పక్కన కూడా కూచోండప్పా, వెనక జాగా అయిపోయిండాది."

ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆరోజే ఆమె నన్ను ఫ్యాక్టరీ చుట్టూ తిప్పి వెనక గేటు చూపించింది. లారీలు సరుకు ఎక్కించుకునే సందు అది. గోడవారగా కానుగ చెట్టు నీడలో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఇక్కడ పగలూ రాత్రీ ఎవురో ఒకరు ఉంటాం సార్. లోపల మోల్డులు ఉండాయి. అవి పోతే మేం టెంటులో కూచున్నా ఒకటే, ఇంట్లో కూచున్నా ఒకటే."

మోల్డు అంటే ఇనుప అచ్చు. కరిగిన ప్లాస్టిక్ అందులోకి పోతేనే వస్తువవుతుంది. అచ్చులు లోపలుంటే, సరుకు కావాల్సిన పెద్ద కంపెనీ ఈ ఫ్యాక్టరీ తెరిపించమని ఒత్తిడి చేస్తుంది. అచ్చులు బయటికి పోతే ఆ సరుకు ఇంకెక్కడైనా తయారవుతుంది. ఈ సంగతంతా ఆ నెల పత్రికలో నేనే రాశాను. 'వెనక గేటే వాళ్ల ప్రాణం' అని శీర్షిక పెట్టాను. చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. అందుకే మీకు ముందే చెబుతున్నాను, నాకు తెలియక జరిగింది కాదు.

చలికాలం వచ్చింది. కార్మిక శాఖ అధికారి దగ్గర చర్చలకు తేదీ పడింది. దానికి ముందు ఆదివారం మళ్లీ బొమ్మసంద్ర గేటుకే పోదామని పెద్దాయన అన్నాడు. ఈసారి జనం ఎక్కువ ఉండాలి, చర్చల్లో కూర్చునే యజమాని మనుషులకు అది కనబడాలి. అందరికీ తెలిసేలా నేను తేదీ, వేళ వేసి పోస్టరు తయారుచేశాను. అది ఫ్యాక్టరీ గోడకు కూడా అంటించారు.

అంతకుముందు టెంటుకు వెళ్లినప్పుడు పెద్దాయన మాటవరసకు ఒక మాట అన్నాడు. "అనపకాయల కాలం వచ్చిండాది కదమ్మా. మీ చేతి పితికిపప్పు, సంగటి తింటే ఇంక మాకు మైకు కూడా అక్కర్లేదు." తెలియనివాళ్ల కోసం చెబుతాను. అనపగింజలు నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్లతో పితికి పొట్టు తీస్తే అది పితికిపప్పు. నలుగురికి చేయాలంటేనే ఒక పూట పడుతుంది. మేం ఒక పెళ్లికి సరిపడా జనం వెళ్తున్నాం.

ఆయన ఆ మాట మరిచిపోయాడు. వాళ్లు మరిచిపోలేదు.

ఆ ఆదివారం నేను అందరికంటే ముందే వెళ్లాను. టెంటు పక్కన మూడు రాళ్ల పొయ్యిల మీద పెద్ద గిన్నెలు ఉన్నాయి. వెనక గేటు దగ్గరికి వెళ్తే కాపలా ఉన్న ఇద్దరి ముందూ ఒక గంపెడు గింజలు ఉన్నాయి. ఒకామె వయసులో పెద్దది, రెండో ఆమె పలమనేరు వైపు నుంచి వచ్చింది. గేటు మీద కళ్లు పెట్టి చేతులతో పితుకుతున్నారు. పొట్టు గేటు ముందు కుప్పగా పడింది.

"నిన్నటి నుంచి ఇదే పని సార్," అంది పలమనేరామె. "వేళ్లు నానిపోయి వేలిముద్ర కూడా పడదు. ఇప్పుడు కంపెనీవోడు తీసుకుంటానన్నా హాజరు మిషన్ ఒప్పుకోదు."

"నోరు మూసుకొని పితుకు," అంది పెద్దామె. "సార్ రాసుకుంటాడు."

నేను నవ్వాను. రాసుకోలేదు.

బస్సుల్లో, టెంపోల్లో జనం దిగారు. నేను అన్నేళ్ల ఉద్యోగంలో కార్మికుల సభలు చాలా చూశాను. నర్సుల తెల్లచీరలు, ఊడ్చేవాళ్ల ఆకుపచ్చ కోట్లు, బట్టల ఫ్యాక్టరీల అమ్మాయిల రంగురంగుల చున్నీలు అన్నీ ఒకే చోట చూడటం అదే మొదలు. మైకులో పాటలు పెట్టారు. నాలో జబ్బు లేచి కూర్చుంది. రోడ్డు అవతల ఒక మెట్ల వరస మీదికి ఎక్కి చూశాను. వెనక ఫ్యాక్టరీ పేరు, ముందు బ్యానరు, మధ్యలో జనం. ఇలాంటి ఫొటో మళ్లీ దొరకదు.

కిందికి దిగి నాయకురాలిని అడిగాను. "ఇక్కడివాళ్లంతా వచ్చేశారా అమ్మా?"

"ఇద్దరు తప్ప, సార్. వెనక గేటు కాడ ఉండారు."

"వాళ్లను కూడా పిలవండి. టెంటు వాళ్లంతా ముందు వరసలో ఉండాలి. ఐదు నిమిషాలే."

ఆమె పెద్దాయన వైపు చూసింది.

"పిలువమ్మా," అన్నాడాయన. "ఇంతమంది ఉండాం, ఐదు నిముషాల్లో ఏం మునిగిపోతాది?"

ఆమె ఫోన్ చేసింది. వాళ్లిద్దరూ చీర కొంగులకు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. పలమనేరామె జుట్టు సరిచేసుకుంటూ, "ముందే చెప్పుంటే పూలు పెట్టుకునేదాన్ని గదా సార్" అంది. ముందు వరసలో మధ్యన నిలబెట్టాను. బ్యానరు ఒక పక్క వాలింది, సరిచేయించాను. ఒక సంఘంవాళ్లు ఆలస్యంగా వచ్చారు, వాళ్లను చేర్చి మళ్లీ తీశాను. ఎండ కళ్లలో పడుతోందని ఇంకోసారి తీశాను. అయ్యేసరికి వంట దగ్గరివాళ్లు ఆ ఇద్దరినీ కేకేశారు. వచ్చినారు కదా, ఒక వరస వడ్డించి పోండి అని. ఈలోగా ఒక అతిథి మైకు అందుకున్నారు. ఆయన మాట్లాడుతుండగా లేచిపోతే బాగుండదని వాళ్లు గరిటెలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. తర్వాత పెద్దాయన లేచాడు. "మీ" అన్నాడు. జనమంతా మిగతాది అరిచారు. హోసూరు రోడ్డు దాకా వినపడి ఉంటుంది.

రెండో వరస వడ్డిస్తుంటే పలమనేరామె మెల్లగా జారుకుని వెనక వైపు వెళ్లింది. వెళ్లినంత నెమ్మదిగానే తిరిగొచ్చి నాయకురాలి పక్కన నిలబడింది.

"అక్కా, లారీ వచ్చి పోయిండాది."

మేం కొందరం వెళ్లాం. గేటు మూసే ఉంది, తాళం వేసే ఉంది. పొద్దున కుప్పగా ఉన్న అనపగింజల పొట్టు నేలంతా పరుచుకుపోయి ఉంది. దాని మీద లారీ చక్రాల అచ్చులు రెండు బారులుగా సందు చివరిదాకా పోయాయి. పొట్టు ఇంకా తడిగానే ఉంది.

గేటు సందులోంచి నాయకురాలు వాచ్‌మన్‌ను పిలిచింది. "ఏమన్నా, ఏం తీసుకుపోయినారు?"

"నాకేం తెలీదమ్మా. నేను టీకి పోయింటి." అతను మా ముఖాలు చూడలేదు.

అటువైపు మా మైకులో పాట వినిపిస్తూనే ఉంది. లారీ చప్పుడు టెంటు దాకా ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. పెద్దాయన గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను ఏదో అనబోయాను. నాయకురాలు అవకాశం ఇవ్వలేదు. తన వాళ్లవైపు తిరిగి అంది.

"ఇంకా తినాల్సినోళ్లు ఉండారు. పదండి, ముద్దలు చల్లారిపోతాయి."

తినాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆకు ముందు కూర్చోబెట్టి పెద్దామె వడ్డించింది. తిన్నాను. పితికిపప్పు చాలా బాగుంది. ఆ రుచి నాకింకా గుర్తుండటమే నన్ను బాధపెడుతుంది. గొంతు దిగకపోయి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి కాస్త గౌరవంగా ఉండేది.

చర్చల నాడు యజమాని తరఫు మనుషులు తాపీగా కూర్చున్నారు. అచ్చులు మావి కావు, ఎవరివో వాళ్లు తీసుకుపోయారు, ఫ్యాక్టరీ తెరవడానికి ఇప్పుడు మాకు పనేం ఉంది అన్నారు. తర్వాత కొన్ని వారాలు టెంటు ఉంది. రోజూ ఒకరిద్దరు తగ్గారు. చివరికి లెక్కలు తేల్చుకుని వెళ్లిపోవడానికి సంతకాలు పెట్టారు. తీసేసినవాళ్లకే కాదు, ఎవరికీ ఉద్యోగం మిగల్లేదు.

ఈ మధ్యలో నా పత్రిక వచ్చింది. మొదటి పేజీలో సగానికి పైగా ఫొటోయే, మీరు గోడ మీద చూసేదే. అందరి ముఖాలూ స్పష్టంగా, పలమనేరామె ముందు వరసలో నవ్వుతూ. దాని కింద వార్త రాయాలి. మైకులు, ఉపన్యాసాలు, తరలివచ్చిన జనం అన్నీ రాశాను. చివర లారీ సంగతి రాయక తప్పదు. గేటు దగ్గర ఎవరూ ఎందుకు లేరు? ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. ఆఖరికి నా చెయ్యి తన అలవాటు ప్రకారం ఒక వాక్యం రాసింది. 'కార్మికులు ఏమరుపాటుగా ఉన్న సమయం చూసి యాజమాన్యం అచ్చులను తరలించింది.'

డెస్కు మీద ఇలాంటి వాక్యాలు వేలు రాసి ఉంటాను. వార్త పూర్తవుతుంది, తప్పు ఎక్కడో ఒకచోటికి చేరుతుంది, రాసినవాడికి అంటదు. పంపించేశాను.

తర్వాతి నెల మీటింగులో 'బొమ్మసంద్ర కార్యక్రమం జయప్రదం' అని నివేదికలో చదివారు. పెద్దాయన లేచాడు. "ఆ పొద్దు మనం చేసిన పని ఏందంటే..." అన్నాడు. రైలొచ్చింది. పొడుగాటి గూడ్సు బండి. అది పోయేదాకా ఆయన నిలబడే ఉన్నాడు, మేమంతా ఆయన వైపు చూస్తూనే ఉన్నాం. చప్పుడు ఆగింది. ఆయన నా వైపు ఒకసారి చూసి, "తర్వాతి విషయం చూస్తామప్పా" అన్నాడు. ఒక్కరు కూడా, ఏం చెప్పబోయావన్నా అని అడగలేదు. నేను కూడా.

చెప్పకపోయినా ఆయన ఒక పని చేశాడు. ఆ పై నెల ఇంకో గేటుకు వెళ్లినప్పుడు ఇంటి నుంచి టిఫిన్ క్యారియర్ తెచ్చుకున్నాడు. మైకు దగ్గరికి రమ్మంటే రాలేదు. అక్కడి వెనక గేటు ఎక్కడుందో కనుక్కుని, కాపలావాళ్లను సభకు పంపించి, తను పోయి రాయి మీద కూర్చున్నాడు. ఎందుకని ఎవరూ అడగకుండానే ఇంకో ఇద్దరు వెళ్లి పక్కన కూర్చున్నారు. ఇప్పుడు మీరంతా చేస్తున్నది అదే. మన సొంత అన్నం మనం తెచ్చుకోవాలి, వాళ్ల కాపలా మనం కాయాలి అని మీకు నియమంలా చెబుతాం. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పం.

నిరుడు మా తమ్ముడి మనవరాలికి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. ఉండటానికి పేయింగ్ గెస్టు హాస్టలు చూడాలని మడివాళ మార్కెట్ వెనక సందుల్లో తిరిగాం. ఒక హాస్టల్లో గదులు చూస్తుంటే వంటింట్లోంచి ఒకామె తొంగి చూసింది.

"పత్రిక సార్ కదా మీరు?"

పలమనేరామె. అక్కడ వంట చేస్తోంది. మనవరాలిని పైగదులు చూడటానికి పంపి, నన్ను వంటింటి పక్కనున్న తన గదిలో కూర్చోబెట్టింది. టెంటులోని వాళ్లు ఒక్కొక్కరూ ఎక్కడున్నారో చెప్పింది. నాయకురాలు సొంతూరు వెళ్లిపోయిందట. పెద్దామె కొడుకు దగ్గర ఉందట.

"పెద్దసారు ఎట్లుండారు? ఇంకా వెనకే ఉండారా?"

"మోకాళ్ల నొప్పులు. ఇప్పుడు ఎక్కడికీ రావడం లేదు."

"పాపం. పితికిపప్పు అంటే పానం ఆయనకు."

అన్నేళ్లుగా లోపల పెట్టుకున్న మాట అప్పుడు అన్నాను. "ఆరోజు మిమ్మల్ని అక్కడి నుంచి పిలిచింది నేనమ్మా."

"పిలిస్తే మేం రాకుండా ఉండొచ్చు కదా సార్? ఫొటో అంటే మాకూ ఆశే." పొయ్యి మీద ఏదో పొంగుతుంటే లేచింది. "అదిగో చూడండి, ఇంకా పెట్టుకొనే ఉండాను."

తలుపు వెనక గోడకు ఫ్రేము ఉంది. లోపల మా పత్రిక మొదటి పేజీలోని ఫొటో. కాగితం పసుపు రంగుకు తిరిగింది. అందరూ ఉన్నారు. దగ్గరికెళ్లి చూశాను. ఫొటో కింది అంచు దగ్గర కత్తెరతో నీటుగా కోసి ఉంది. వార్త లేదు.

వంటింట్లోంచే ఆమె అంది. "కింద రాసిండేది పట్టలేదు సార్. ఫ్రేము చిన్నదైపోయె. కత్తిరించాల్సి వచ్చె."

ఫొటో కింద, ఫ్రేములో అరచేతి వెడల్పున తెల్ల అట్ట ఖాళీగా కనిపిస్తోంది.

ఆమె పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. "తినండి సార్, చల్లారిపోతాది."